తల్లి పురుగు

సీతాకోకచిలుకంటే నాకు చిన్నప్పటి నుంచీ కడుపుమంట. పాపం, అది నాకేమీ చేయలేదు. చేసిందంతా మా పంతులమ్మ. అయితే పంతులమ్మ మీద కోపం చూపిస్తే వీపు విమానం మోత మోగే రోజులవి. అందుకని ఆ కోపాన్ని గన్నేరు చెట్టు చుట్టూ ఎగిరే అమాయకపు ప్రాణి మీద పెట్టుకున్నాను, ఇప్పటికీ తియ్యలేదు.

అసలు ఆ పేరు చూడండి. సీతమ్మవారి కోక, దాని మీద మళ్లీ చిలుక. ఒక్క పురుగుకి ఇంత హంగామానా? అదే వంశంలో పుట్టి, అదే రకంగా గుడ్డులోంచి గొంగళిగా వచ్చి, ఆకులు మేసి, గూడు కట్టుకుని, రెక్కలతో బయటపడిన దాని చుట్టానికి మాత్రం సరైన పేరే లేదు. పుస్తకాల్లో చిమ్మట అని రాస్తారు. ఆ మాటంటే మా ఊళ్లో సగం మంది పెట్టెలో బట్టలు కొరికేదనుకుంటారు, మిగతా సగం చెట్ల మీద గీపెట్టేదనుకుంటారు. శలభం అని కవులు అంటారు కానీ, అదీ మంటలో పడి చచ్చిపోయేటప్పుడు మాత్రమే. బతికున్న శలభాన్ని ఏ కవీ పలకరించినట్టు నేను చదవలేదు. మా ఇంట్లో అయితే దాని పేరు దీపం పురుగు. దాని గురించి మా అమ్మ చెప్పే మాట కూడా ఒకటే, "దీపం తగ్గించండే, కూరలో పడతయ్" అని.

నర్సరావుపేట నుంచి కోటప్పకొండ వెళ్లే దారిలో కొంత దూరం పోయి పొలాల్లోకి మళ్లితే మా ఊరు. ఎనభైల్లో మా ఊరి బడి ఏడో తరగతితో ఆగిపోయేది. ఎనిమిది చదవాలంటే రోజూ ఎర్రబస్సెక్కి నర్సరావుపేట వెళ్లాల్సిందే. నేను ఏడులో ఉన్నాను. చదువంటే ప్రాణం అని గొప్పలు చెప్పను కానీ, ఇంట్లో ఉంటే పేడ ఎత్తాలి, పేటలో చదివితే ఎత్తక్కర్లేదు అన్న లెక్క మాత్రం నాకు బాగా తెలుసు. అదీ కాక పేట బళ్లో గాజుసీసాల్లో పాముల్ని నిలవపెట్టి ఉంచుతారని ఎవరో చెప్పారు. వాటిని చూడకుండా చచ్చిపోతానేమోనని నాకు నిజంగానే దిగులుగా ఉండేది.

నాన్న తేల్చి చెప్పేశాడు. "ఏడు చాల్లే. బస్సెక్కి పోయి వచ్చిందాకా పొలం పని మానుకుని రోడ్డు మీద నేను కాపలా కూసోవాలా?"

అమ్మ ఏమీ అనేది కాదు. అనేదల్లా నాయనమ్మే. నాయనమ్మకి అక్షరం ముక్క రాదు. ఒకసారి కొండ దగ్గర తిరునాళ్లలో బస్సు ముందు నిలబడి "పేటకేనా అయ్యా?" అని అడిగితే, "పేటకే ఎక్కు" అన్నాడట కండక్టరు. మాకు పేట అంటే నర్సరావుపేట. ఆ కండక్టరుకి పేట అంటే చిలకలూరిపేట. కొండకి ఇటు వైపు ఒక పేట, అటు వైపు ఇంకో పేట కట్టిన వాళ్లని ఆవిడ చచ్చేదాకా తిట్టింది. బస్సు దిగి, ఊరు కాని ఊళ్లో, బొప్పాయిపండు ఒళ్లో పెట్టుకుని చీకటి పడిందాకా ఏడ్చిందట. ఆ కథ చెప్పినప్పుడల్లా చివర్లో, "పిల్లని సదివించరా, నాలాగా బస్సు మీద ఊరి పేరు కూడా సదవలేకుండా బతకమాక అని సెప్పరా దానికి" అనేది నాన్నతో.

"ఊరుకోమ్మా, నీకేం తెలుసు" అనేవాడు నాన్న. ఆ మాటతో కన్నతల్లిని రోజుకి నాలుగుసార్లు గుమ్మం అవతలికి తోసేసేవాడు. అదే మా ఊరి పోలేరమ్మ తల్లి సంగతయితే వేరు. పత్తి చేనుకి మందు కొట్టాలన్నా, గేదెని అమ్మాలన్నా, ఆఖరికి క్షవరానికి వెళ్లాలన్నా తల్లి గుడి వైపు ఒక దణ్ణం పడాల్సిందే. ఎంత పెద్ద పనయినా తల్లి వద్దంటే మానేసేవాడు. కాకపోతే తల్లి పెద్దగా మాట్లాడేది కాదు.

ఇట్లా ఉండగా బాలల దినోత్సవం వచ్చింది. పంతులమ్మ సీతాకోకచిలుకల డాన్సు పెట్టింది. తెల్లగా, సన్నగా ఉన్న నలుగురు ఆడపిల్లల్ని చిటికెన వేలితో చూపించి సీతాకోకచిలుకల్ని చేసేసింది. నేను నల్లగా, తాడిచెట్టంత ఉండేదాన్ని. నా వైపు చూసి కాసేపు ఆలోచించింది. ఆ ఆలోచించినంత సేపూ నేను ఊపిరి బిగబట్టాను.

"నువ్వు దీపం పురుగువి" అంది.

కథ ఏమిటంటే, దీపం పురుగు దురాశతో దీపం దగ్గరికి పోయి చచ్చిపోతుంది. సీతాకోకచిలుకలు మాత్రం బుద్ధిగా పూల మీద ఆడుకుంటాయి. నేను రావాలి, రెండు చుట్లు తిరగాలి, పడి చావాలి. తరువాత పాటంతా అయిపోయేదాకా అక్కడే శవంలా ఉంటే, నా చుట్టూ వాళ్లు డాన్సు చేస్తారు.

"కదిలావంటే చంపుతా" అంది పంతులమ్మ. చచ్చినదాన్ని మళ్లీ ఎలా చంపుతుందని అడగబోయి మానేశాను.

వేషం సంగతి ఎవరి ఇంట్లో వాళ్లు చూసుకోవాలి. సీతాకోకచిలుకల ఇళ్లలో పెట్టెలు తీసి పట్టు పరికిణీలు బయటికి లాగారు. మా ఇంట్లో నాయనమ్మ గోతం చింపింది. రెండు రెక్కలు కత్తిరించి, దీపం పురుగుకి ఒళ్లంతా నూగు ఉంటుంది కదా అని చేలోంచి తెచ్చిన పత్తి వాటి మీద అతికించడానికి కూర్చుంది. మైదా ఉడికించి పూస్తే పత్తి నిలవలేదు. మళ్లీ పూసింది, మళ్లీ ఊడింది.

"ఉండవే, ఎందుకు నిలవదో చూస్తా" అని లేచి, బెల్లం పాకం పట్టి తెచ్చింది. అరిసెల పాకం పట్టడంలో నాయనమ్మని మించిన వాళ్లు మా బజారులో లేరు. పత్తి అతుక్కుంది. గోతం జాకెట్టుకి అతుక్కుంది. కాసేపటికి జాకెట్టు నాకు అతుక్కుంది.

కార్యక్రమం మధ్యాహ్నానికి మొదలు కావాలి. ముఖ్య అతిథి వ్యవసాయ ఆఫీసరు. పత్తి రైతులంతా పచ్చపురుగు గురించి అడగాలని పొద్దుటి నుంచే కాచుకుని ఉన్నారు, నాన్నతో సహా. ఆయన జీపు ఏదో చేలో దిగబడిందని కబురొచ్చింది. మేము వేషాల్లో ఎదురుచూశాం. ఎండకి నా రెక్కల్లో పాకం మెత్తబడింది. ముందు ఈగలొచ్చాయి. తరువాత గండుచీమలు బారులు తీరి వచ్చాయి. సీతాకోకచిలుకలు నలుగురూ ముక్కు మూసుకుని దూరంగా జరిగి కూర్చున్నారు. ఆకలేసి నేను మాత్రం ఎవరూ చూడకుండా భుజం మీద ఒకసారి నాకాను. బాగానే ఉంది.

ఆఫీసరు వచ్చేసరికి పొద్దుగూకింది. ఆయన దండ మెళ్లో పడిందో లేదో కరెంటు పోయింది. మైకు లారీ బ్యాటరీ మీద నడుస్తోంది కాబట్టి అది మాత్రం గరగరమంటూ బతికే ఉంది. హెడ్మాస్టరు పెట్రోమాక్స్ లైటు ఒకటి తెప్పించాడు. పంతులమ్మ దాన్ని తీసుకొచ్చి స్టేజీ ముందు అంచున పెట్టి, "నాటకంలో దీపం కూడా ఇదే అవుద్ది, అట్ట దీపం తీసెయ్యండి" అంది. నవంబరు నెల, చుట్టూ పత్తి చేలు, ఊళ్లో వెలుగుతున్నది అదొక్కటే పెద్ద దీపం. ఆ దీపం పక్కన, నిలువునా బెల్లం పాకం పూసుకుని నేను.

పాట మొదలయింది. వెళ్లాను, తిరిగాను, పడ్డాను. నా పాత్ర అయిపోయింది.

చచ్చిన వాళ్లకి చూడటం తప్ప పనేముంటుంది? ఒక కన్ను కొంచెం తెరిచి పెట్టాను. ముందు ఒకటి వచ్చింది. తరువాత పది. తరువాత పెట్రోమాక్స్ చుట్టూ గాలే కనిపించలేదు. అందులోంచి ఒకటి నా మణికట్టు మీద వాలింది. ఎండిపోయిన ఆకు గాలికి వచ్చి పడిందనుకున్నాను, ఈనెలతో సహా అచ్చం అలాగే ఉంది. చుట్ట చుట్టుకున్న నాలుక విప్పి, నా పాకం జుర్రడం మొదలుపెట్టింది. ఉన్నట్టుండి పై రెక్కలు కొంచెం ఎత్తింది. లోపల మేలిమి పసుపు రంగు, దాని అంచున నల్లటి కాటుక గీత. పైన చిరిగిన దుప్పటి కప్పుకుని లోపల పెళ్లిచీర కట్టుకున్నట్టుంది. నేను నోరు తెరిచేశాను. శవాలు నోరు తెరవకూడదని గుర్తొచ్చి మూసేశాను.

అప్పుడు పట్టి పట్టి చూశాను. సీతాకోకచిలుక వాలితే రెక్కలు రెండూ పైకెత్తి దగ్గరగా మూసేసుకుంటుంది, ఇవేమో అరుగు మీద పెద్దమనుషుల్లాగా రెక్కలు బార్లా పరిచి కూర్చుంటున్నాయి. సీతాకోకచిలుక మీసాలు తల ఉన్న అగ్గిపుల్లల్లా ఉంటాయి, వీటిలో కొన్నిటికి దారాలు, కొన్నిటికి కోడి ఈకలు. ఆకుపచ్చ మీద గులాబి ముగ్గు వేసినది ఒకటి రయ్యిమని వచ్చి గన్నేరు వైపు పోయింది. బూడిద రంగుదొకటి నా ముక్కు మీద నిలబడి మొహం తుడుచుకుంది. ఇంత అందమైన వాటిని ఇన్నాళ్లూ కూరలో పడతాయని తిట్టామా అని నాకు నిజంగా సిగ్గేసింది. ఆ నలుగురూ కట్టుకున్న పట్టు కూడా వీటి అన్నదమ్ముల గూళ్లు విప్పి నేసిందేనని కాలేజీలో జంతుశాస్త్రం చదివేటప్పుడు తెలిసింది. సీతాకోకచిలుక పుట్టింది మొదలు ఎవరికీ జాకెట్టు ముక్క కూడా ఇవ్వలేదు. కానీ పేరులో కోక మాత్రం దానిదే. ఆ రోజు క్లాసులో ఒక్కదాన్నే పడీ పడీ నవ్వితే లెక్చరరు బయట నిలబెట్టాడు.

ఈ లోపల డాన్సు చెడిపోయింది. ఒక సీతాకోకచిలుక పాటలో నోరు తెరిచినప్పుడు లోపలికి ఒకటి దూరింది. ఇంకొకతె జడలో రెండు ఇరుక్కున్నాయి. "అమ్మో, పురుగులే!" అని నలుగురూ పరికిణీలు ఎత్తి పట్టుకుని స్టేజీ దిగి పరుగో పరుగు. వాటి చుట్టాలే కదా అవి! చుట్టాలు వస్తే ఇలాగేనా పారిపోయేది? నేను మాత్రం క్రమశిక్షణ గల శవాన్ని కాబట్టి కదల్లేదు.

అప్పుడే మెడ వెనక నుంచి ఒకటి నా జాకెట్లోకి దిగింది. మామూలుది కాదు, పిచ్చుక పిల్లంత ఉంది. అది లోపల రెక్కలు కొట్టేసరికి అప్పటిదాకా పాకం తింటున్న గండుచీమలకి కోపం వచ్చి, అన్నీ కలిసి ఒకేసారి కుట్టాయి. నేను కెవ్వుమని లేచాను. జడ ఊడిపోయింది. గుండ్రంగా తిరుగుతున్నాను, గెంతుతున్నాను, తల విదిలిస్తున్నాను, రెక్కలు టపటపా కొడుతున్నాను.

ముందు వరసలో ఆఫీసరు కూడా లేచి నిలబడ్డాడు. ఆయన చూస్తున్నది నన్ను కాదు. పచ్చపురుగుకి రెక్కలొచ్చాక దాన్ని వ్యవసాయం వాళ్లు తల్లి పురుగు అంటారు. ఎండుగడ్డి రంగులో ఉండే ఆ చిన్న రెక్కల పురుగు గుడ్లు పెడితేనే పత్తికాయ తొలిచే పురుగు పుడుతుంది. పాపం ఆయన ఊరూరా తిరిగి రైతులకి చెప్పాలనుకుంటున్నది అదే. అంత మందలో దాన్ని గుర్తుపట్టిన ఆనందంలో మైకు లాక్కుని అరిచాడు. "తల్లి పురుగు! అదిగో, తల్లి పురుగు వచ్చింది! అందరూ చూడండి!"

లారీ బ్యాటరీ మైకు మధ్యలో పురుగుని మింగేసింది. ఊరికి వినపడింది ఒకటే. "తల్లి... గరగర... వచ్చింది! అందరూ చూడండి!"

అందరూ చూశారు. స్టేజీ మీద జుట్టు విరబోసుకుని ఊగుతూ నేను.

"పోలేరమ్మ తల్లే!" అని ఎవరో ఆడమనిషి కేక పెట్టింది. అంతే, జనం మొత్తం లేచింది. బడి ఆవరణలో వేపచెట్టు ఉండటం నా ఖర్మ. మండలు విరిచారు. ఎవరో బిందెడు పసుపునీళ్లు తెచ్చి నెత్తిన గుమ్మరించారు. పాకం కరిగి కంట్లోకి దిగింది, నేను ఇంకా గట్టిగా గెంతాను. గెంతే కొద్దీ వాళ్లకి భక్తి పెరిగింది.

"తల్లీ, మా బర్రె ఎప్పుడు ఈనుద్ది?"

"తల్లీ, మా అల్లుడు అలిగి పోయాడు, యాడున్నాడు తల్లీ?"

ఆఖరికి హెడ్మాస్టరు కూడా పక్కకొచ్చి, ఎవరికీ వినపడకుండా, "తల్లీ, నా ట్రాన్స్‌ఫరు..." అన్నాడు. లెక్కలు తప్పితే నా చెవి మెలిపెట్టే మనిషి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చీమలు కుట్టకపోతే ఆ క్షణాన్ని ఇంకా బాగా అనుభవించేదాన్ని.

ఆఫీసరు స్టేజీ ఎక్కాడు. "అయ్యా, తల్లి అంటే అది కాదండీ, పురుగు, పురుగు అన్నాను నేను!"

"తల్లిని పురుగంటావా?" అని జనం ఆయన మీదకి వెళ్లారు. లెంపలు వేసుకుంటే కానీ వదల్లేదు. దండ మెళ్లో ఉండగానే వేసుకున్నాడు, పాపం.

నాకు ఇంక ఏడుపొచ్చేసింది. చుట్టూ మనుషులు, దారి లేదు, వీపు మీద ఆ పెద్ద పురుగు. "పంపించండి! నన్ను పంపించండి!" అని అరిచాను. బయటికి పంపించమని.

జనం చేతులు జోడించింది. "యాడికి తల్లీ? యాడికి పంపమంటావ్?"

అప్పుడొచ్చింది నాయనమ్మ. జనాన్ని మోచేతులతో తోసుకుంటూ వచ్చి, నా వెనక చేరి, ఒక చేత్తో నన్ను గట్టిగా పట్టుకుంది. "ఇంకేడికి? పేటకి!" అంది, ఊరంతా వినేలాగా. "పిల్లని పెద్ద బడికి పంపమంటంది తల్లి. ఇనపడలా?"

ఎవరో వెనక నుంచి, "ఏ పేటకి తల్లీ?" అని సందేహం వెలిబుచ్చారు.

"నర్సరావుపేటేరా సచ్చినోడా! చిలకలూరిపేటకి ఎవుడు పొమ్మన్నాడు!" అని నాయనమ్మ గయ్యిమంది.

నాన్న గుడ్లప్పగించి నన్నే చూస్తున్నాడు. "పంపించండి" అని నేను ఇంకోసారి ఏడ్చాను. ఆయన అరచేతిలో కర్పూరం వెలిగించుకుని ముందుకొచ్చి, నా ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "అట్నే తల్లీ. నీ మాట కాదనేంత మగోణ్ణా? పంపుతా" అన్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియక నేను గెంతడం ఆపేశాను. నిజం చెప్పాలంటే, గెంతాల్సిన అవసరమూ పోయింది. వీపు మీద రెక్కలు కొట్టుకోవడం ఎప్పుడు ఆగిందో తెలియదు.

ఆఫీసరు మర్నాడు మళ్లీ వచ్చి తల్లి పురుగు సంగతి రైతులకి నిదానంగా చెప్పాడు. నాన్న కూడా విన్నాడు. అప్పుడు ఆయనకి అర్థమయిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. అర్థమయినా, ఊరందరి ముందు కర్పూరం వెలిగించి చెప్పిన మాట. వెనక్కి తీసుకునే మనిషి కాదు.

జూన్‌లో బడులు తెరిచారు. మొదటి రోజు పొద్దున్నే రోడ్డు దాకా నన్ను దిగబెట్టడానికి నాయనమ్మ వచ్చింది. సంచీలో కొత్త పుస్తకాలు, గిన్నెలో పెరుగన్నం. ఇన్ని నెలలు లోపల దాచుకున్న సంగతి ఇంక ఆగక చెప్పేశాను. "నాయనమ్మా, ఆ పూట నా మీదకి తల్లి రాలా. జాకెట్లో పురుగు దూరింది."

"తెలుసులేవే" అంది నాయనమ్మ, రోడ్డు వైపే చూస్తూ. "దాన్ని తీసి కొంగులో మూటగట్టుకుని పోయి గన్నేరు చెట్టు మీద వదిలిందే నేను."

నాయనమ్మ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కొంగుతో కళ్లు తుడుచుకుంది. తుడుచుకున్నాక కూడా కళ్లు తడిగానే ఉన్నాయి.

"కన్నతల్లిని నేను ఎన్నేళ్ల నుంచి చెప్తన్నా, ఒక్క మాట ఇన్నాడా మీ నాన? పురుగు తల్లి ఒక్కసారి చెప్తే ఇన్నాడు" అంది.

నేను ఆవిడ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. దూరంగా దుమ్ము లేచింది, ఎర్రబస్సు వచ్చి ఆగింది.

నాయనమ్మ నన్ను ఎక్కనివ్వలేదు. బస్సు ముందుకి లాక్కెళ్లి, బోర్డు కింద నిలబెట్టి, "ఏం రాసుందో సదువు" అంది.

"నర్సరావుపేట."

"చిలకలూరిపేట కాదుగా?"

"కాదు నాయనమ్మా."

"సరిగ్గా చూడు."

మళ్లీ చూసి, ఒక్కొక్క అక్షరం వేలితో చూపిస్తూ చదివాను. కండక్టరు ఈల వేస్తున్నాడు. నాయనమ్మ అతని వైపు చూడనైనా చూడలేదు, అక్షరాల వైపే చూస్తూ చివరిదాకా విన్నది.

"అయితే ఎక్కు" అంది.